దిగడం సరే... నిలబడేదెలా?

హెలికాప్టర్లు రివ్వున దిగుతాయి. సైనికులు టపటపా దూకుతారు. శత్రువు చేతులెత్తేస్తాడు... సినిమాల్లో అంతే! నిజం యుద్ధంలో మాత్రం అసలు కథ హెలికాప్టర్ వెనక్కి వెళ్లిపోయాకే మొదలవుతుంది. తెలుగు జనరల్ నాయకత్వంలో గెలిచిన సిల్హెట్, సికింద్రాబాద్ డివిజన్‌కు చేదు మిగిల్చిన జాఫ్నా... ఆ రెండూ చెప్పే పాఠం ఇదే.

హకీంపేట నుంచి అబిడ్స్‌కి ఎంతసేపు పడుతుంది? సిటీ బస్సెక్కితే గంట పైమాటే. ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఇంకా ఎక్కువ. అదే హెలికాప్టర్లో అయితే? గంటకు 180 కిలోమీటర్ల వేగంతో తిన్నగా ఎగిరితే ఆరు నిమిషాలు!

వినడానికి ఎంత బాగుందో కదా. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 480 మంది సైనికులను అబిడ్స్ పక్కనే ఉన్న ఎల్బీ స్టేడియంలో దింపాలనుకోండి. ఒక్కో హెలికాప్టర్లో ఆయుధాలతో సహా 20 మంది పడతారు. ఉన్నవి నాలుగే హెలికాప్టర్లు. అంటే ఒక్క విడతకు 80 మంది. మొత్తం ఆరు విడతలు. వెళ్లడానికి ఆరు నిమిషాలు, దింపడానికి ఒకట్రెండు, తిరిగి రావడానికి మరో ఆరు, మళ్లీ ఎక్కించుకోవడానికి ఇంకో ఐదారు... విడతకీ విడతకీ మధ్య ఇరవై నిమిషాలు. మొదటి జట్టు దిగిన గంటా నలభై నిమిషాలకు గానీ ఆఖరి జట్టు రాదు!

ఆ లోపు మొదటి 80 మంది పరిస్థితేంటి? చుట్టూ మేడలు. ఏ డాబా మీద ఎవరు తుపాకీ పట్టుకుని కూర్చున్నారో తెలియదు. స్టేడియం మధ్యలో దాక్కోవడానికి చెట్టు కూడా ఉండదు. మొదటి హెలికాప్టర్ చప్పుడుకే ఊరంతా లేచి కూర్చుంటుంది. రెండో విడతకు శత్రువు గురిపెట్టి సిద్ధంగా ఉంటాడు.

ఇది కేవలం ఊహే. కానీ 1987 అక్టోబరులో ఓ అర్ధరాత్రి దాదాపు ఇదే లెక్క, ఇలాంటి మైదానమే, ఇంచుమించు ఇంతే దూరం... మన సైనికులకు నిజంగా ఎదురయ్యాయి. అక్కడికి వెళ్లే ముందు అసలు ఈ దాడికి ప్రణాళిక ఎలా వేస్తారో తెలుసుకుందాం.

ముహూర్తం నుంచి వెనక్కి

పెళ్లి పనులు ఎలా మొదలుపెడతాం? ముందు ముహూర్తం పెట్టుకుంటాం. జీలకర్ర బెల్లం ఉదయం 10.15కి అయితే పెళ్లికూతురు పీటల మీదకు ఎప్పుడు రావాలి, మగపెళ్లివారు విడిదికి ఎప్పుడు చేరాలి, వాళ్ల బస్సు ఎన్నింటికి బయల్దేరాలి... ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాం. హెలికాప్టర్ దాడికీ అదే సూత్రం.

సైన్యాలు దీన్ని ఐదు అంచెలుగా ఆలోచిస్తాయి. మొదటిది, నేల మీద ఏం సాధించాలి? వంతెన పట్టుకోవాలా, కొండ ఎక్కాలా, చిక్కుకున్నవారిని విడిపించాలా? అది తేలితే రెండోది, ఎక్కడ దిగాలి? దాన్నిబట్టి మూడోది, ఏ దారిన, ఎంత ఎత్తున ఎగరాలి? నాలుగోది, ఏ హెలికాప్టర్లో ఎవరెక్కాలి? చివరిది, ఎక్కేచోటికి వాళ్లంతా ఎన్నింటికి, ఎలా చేరాలి? ఆలోచన ఇలా చివర్నుంచి మొదటికి సాగుతుంది. అమలు మాత్రం మొదటి నుంచి చివరికి.

ఇందులో ప్రతి అంచెలోనూ తిరకాసులే. దిగేచోట కరెంటు తీగలుండకూడదు. నేల ఏటవాలుగా ఉండకూడదు. ఎండిపోయిన పొలమైతే రెక్కల గాలికి లేచే దుమ్ములో పైలట్‌కు నేలే కనిపించదు. ఎండ కూడా శత్రువే! వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచని గాలిలో హెలికాప్టర్ మోయగల బరువు తగ్గుతుంది. డిసెంబరు చలిలో ఎత్తినంత మందిని మే నెల మిట్టమధ్యాహ్నం ఎత్తలేదు.

ఎవరు ఏ హెలికాప్టర్లో ఎక్కాలన్నదీ చిన్న విషయం కాదు. అధికారులంతా ఒకే హెలికాప్టర్లో ఎక్కితే? అది కూలితే అంతా అయిపోయినట్టే. రేడియో సెట్లు, మెషిన్‌గన్లు, తూటాల పెట్టెలు కూడా అన్నింటిలోనూ సర్దాలి. ఎందులో ఎక్కినవాళ్లు అందులో దిగీదిగగానే పోరాడగలగాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మరోటి ఉంది. దిగినవాళ్ల దగ్గర ఎన్ని రోజుల తిండి ఉంది, ఎంత మందుగుండు ఉంది, నేల మీదుగా వెళ్లే సైన్యం వాళ్లను ఎప్పటికి కలుసుకుంటుంది? దీన్నే సైనికులు ‘లింకప్’ అంటారు. పాఠం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఈ విద్య మరీ పాతదేం కాదు. 1956 నవంబరు 6న సూయజ్ యుద్ధంలో బ్రిటిష్ మెరైన్లు నౌకల మీంచి హెలికాప్టర్లలో లేచి ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో దిగారు. సముద్రం మీంచి హెలికాప్టర్లలో వచ్చి యుద్ధంలో దిగడం అదే మొదలు. వియత్నాం యుద్ధంలో అమెరికా దీన్ని నిత్యకృత్యం చేసింది. మన దేశం పెద్దఎత్తున చేసి చూపించింది మాత్రం 1971లోనే.

సిల్హెట్‌లో తెలుగు సేనాని

1971 డిసెంబరు 7. తూర్పు పాకిస్థాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో యుద్ధం మొదలై నాలుగు రోజులైంది. ఈశాన్య మూలన సిల్హెట్ పట్టణం. అటువైపు పోరాడుతున్నది 8వ మౌంటెన్ డివిజన్. దాని అధిపతి మేజర్ జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు. అచ్చ తెలుగువాడు. 1981 నుంచి 1983 వరకు దేశానికి సైన్యాధిపతిగా పనిచేసింది, ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలకూ జమ్మూకశ్మీర్‌కూ గవర్నరుగా ఉన్నదీ ఆయనే.

ఆయన పైఅధికారి లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్. నదులు, చిత్తడి నేలలు, కూల్చేసిన వంతెనలతో నిండిన ఆ ప్రాంతంలో రోడ్లు పట్టుకుని వెళ్తే నెలలు పడుతుందని ఆయనకు తెలుసు. అందుకే గాల్లో దారి వెతికారు. వైమానికదళం తరఫున ఆయనకు కుడిభుజంగా నిలిచింది గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్.

సిల్హెట్‌లో పాక్ సైనికులు పెద్దగా లేరని సమాచారం అందింది. ఇంకేం... ఐదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్‌ను కులౌరా నుంచి ఎత్తుకెళ్లి సుర్మా నది అవతల దింపాలని నిర్ణయించారు. కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.బి.హరోలికర్. ఆ బెటాలియన్ అప్పటికే రెండు పెద్ద పోరాటాలు చేసి అలసిపోయి ఉంది. రెండు రోజుల్లో మన సైన్యం వచ్చి కలుస్తుందని వాళ్లకు చెప్పారు. తిండీ గుండూ ఆ మేరకే కట్టుకున్నారు.

మధ్యాహ్నం దాటాక ఎంఐ-4 హెలికాప్టర్లు లేచాయి. పాత రకం రష్యన్ యంత్రాలవి. పూర్తిగా నింపినా పదహారు మందికి మించి పట్టరు. దిగిన కాసేపటికే అసలు విషయం అర్థమైంది. సిల్హెట్ ఖాళీగా లేదు! ఓ పాక్ బ్రిగేడ్ మొత్తం అక్కడే ఉంది. కాల్పులు మొదలయ్యాయి. ఆ రోజు చీకటిపడేసరికి బెటాలియన్ మొత్తం దిగలేదు. మిగిలినవాళ్లను ఆ తర్వాత విడతలవారీగా చేర్చారు.

సమాచారం తప్పింది. రెండు రోజుల్లో వస్తుందన్న సైన్యం కూడా రాలేదు. అయినా గూర్ఖాలు నిలబడ్డారు. ఎలా? పగటిపూట మన యుద్ధవిమానాలు వచ్చి శత్రువు మీద విరుచుకుపడేవి. అప్పటికే తూర్పున పాక్ వైమానికదళం ఎగరలేని స్థితికి చేరింది. కాబట్టి ఆకాశం మనదే. హెలికాప్టర్లు మందుగుండు తెచ్చి, గాయపడినవాళ్లను తీసుకెళ్లేవి. నేల మీద కృష్ణారావు డివిజన్ ఆగకుండా ముందుకు జరుగుతూనే ఉంది.

అదృష్టం కూడా తోడైంది. సిల్హెట్‌లో గూర్ఖాల ‘బ్రిగేడ్’ దిగిందని బీబీసీ రేడియో వార్త చెప్పిందంటారు. బ్రిగేడ్ అంటే మూడు బెటాలియన్లు! హరోలికర్ మనుషులు ఉన్న కొద్దిమందే దూరందూరంగా పరుచుకుని అది నిజమే అన్నట్టు నటించారు. పాక్ సేనానులు నమ్మారు. ఎంతగా అంటే, మౌల్వీబజార్‌లో ఉన్న ఇంకో బ్రిగేడ్‌ను కూడా సిల్హెట్‌కే తరలించారు. మేఘన నది దగ్గర కాపలా కాయాల్సిన బలం అలా ఓ మూలకు వెళ్లి ఇరుక్కుపోయింది.

ఆ సందు చూసుకునే సగత్ సింగ్ డిసెంబరు 9న మేఘన దాటారు. నది మీది పెద్ద వంతెనను పాక్ సైన్యం పేల్చేసింది. ఆయన అదే ఎంఐ-4లతో రాత్రింబవళ్లు సైనికులను అవతలి ఒడ్డుకు చేరవేశారు. చీకట్లో దిగేచోటును చూపడానికి టార్చిలైట్లే దిక్కు! ఢాకా దారి తెరుచుకుంది. డిసెంబరు 16న పాక్ సేన లొంగిపోయింది. సిల్హెట్‌లో ఆయుధాలు అప్పగించినవారిలో ముగ్గురు బ్రిగేడియర్లు, ఆరు వేలకు పైగా సైనికులు ఉన్నారు. వాళ్లను అక్కడ కట్టిపడేసిన గూర్ఖాలు ఐదు వందల మంది కూడా ఉండరు. హరోలికర్‌కీ చందన్ సింగ్‌కీ మహావీరచక్ర వచ్చింది.

సికింద్రాబాద్ నుంచి జాఫ్నాకు

పదహారేళ్ల తర్వాత... 1987 జులై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరింది. శాంతిసేనగా ముందు కదిలింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ ఇన్‌ఫాంట్రీ డివిజనే. దాని అధిపతి మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్. ఆయుధాలు అప్పగించే తమిళ మిలిటెంట్లకూ లంక సైన్యానికీ మధ్య నిలబడటం వాళ్ల పని. యుద్ధం చేయడానికని ఎవరూ వెళ్లలేదు.

అక్టోబరుకు అంతా తలకిందులైంది. ఎల్‌టీటీఈతోనే పోరు మొదలైంది. ఆ సంస్థ అగ్రనాయకులు జాఫ్నా విశ్వవిద్యాలయం దగ్గర సమావేశమవుతున్నారని సమాచారం వచ్చింది. మెరుపుదాడి చేసి పట్టుకుంటే యుద్ధం ఒక్కరాత్రిలో ముగిసిపోతుంది!

ప్రణాళిక సిద్ధమైంది. అక్టోబరు 11 అర్ధరాత్రి. పలాలీ విమానాశ్రయం నుంచి ఎంఐ-8 హెలికాప్టర్లు. దిగేచోటు విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మైదానం. దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. ముందు పారా కమాండోలు దిగి దారి చూపాలి. వెనక సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ 13వ బెటాలియన్ జవాన్లు దిగి మైదానాన్ని కాపాడాలి. 120 మంది కమాండోలు, 360 మంది జవాన్లు. మొత్తం 480 మంది. హెలికాప్టర్లు నాలుగు.

మొదట చెప్పుకొన్న లెక్క గుర్తొచ్చిందా? అదే ఇది.

తలచింది ఒకటి, జరిగింది ఇంకొకటి. మన రేడియో సంభాషణలను ఎల్‌టీటీఈ వినేసింది. ఎవరు ఎక్కడ దిగుతారో వాళ్లకు ముందే తెలుసు. మైదానం చుట్టూ మేడల మీద మెషిన్‌గన్లు పెట్టుకుని కాచుకున్నారు. మొదట దిగిన కమాండోలు వెనక వచ్చే హెలికాప్టర్లకు దీపాలతో గుర్తులు పెట్టాలి. నాలుగువైపుల నుంచీ వచ్చిపడుతున్న తూటాల మధ్య అది కుదరలేదు. చీకట్లో మైదానం దొరక్క కొన్ని హెలికాప్టర్లు వెనుదిరిగాయి. మళ్లీ వెళ్లాయి. తూటాలు తగిలి తూట్లు పడుతున్నా పైలట్లు వెనకాడలేదు. చివరికి ఇక ఎగరలేని స్థితి వచ్చింది. రాకపోకలు ఆపేశారు.

అప్పటికి దిగినవాళ్లు ఎందరు? వంద మందికి పైగా కమాండోలు. సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ నుంచి 30 మంది మాత్రమే!

కమాండోలు మైదానం వదిలి ఇళ్ల మధ్యకు చొచ్చుకుపోయారు. మేజర్ బీరేంద్ర సింగ్ నాయకత్వంలోని ఆ 30 మంది మైదానం దగ్గరే ఉండిపోయారు. మిగతా బెటాలియన్ వస్తుందని ఎదురుచూశారు. వాళ్ల రేడియో మూగబోయింది. ఇక ఎవరూ రారన్న కబురు కూడా వాళ్లకు అందలేదు. తెల్లారింది. మందుగుండు అయిపోయేదాకా పోరాడారు. ఆఖరుకు తుపాకీ కొసన బాయ్‌నెట్లతో మీదికురికారు. 29 మంది నేలకొరిగారు. ఒక్కడు బందీగా దొరికాడు. అక్కడ ఏం జరిగిందో లోకానికి తెలిసింది అతని నోటివెంటే.

కమాండోల్లో ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను బయటికి తేవడానికి మందుపాతరలతో నిండిన రోడ్లను వదిలేసి, మేజర్ అనిల్ కౌల్ తన టీ-72 ట్యాంకులను రైలు పట్టాల వెంబడి నడిపించారు. ఆ ప్రయత్నంలో ఆయన తీవ్రంగా గాయపడ్డారు.

రెండుచోట్లా ఆ బెటాలియనే

సిక్కు జవాన్ల కోసం, కమాండోల కోసం నేల మీదుగా పంపిన దళాల్లో ఓ బెటాలియన్ పేరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఐదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్! సిల్హెట్‌లో ‘మనవాళ్లు ఎప్పుడొస్తారా’ అని ఎదురుచూసిన ఆ బెటాలియనే జాఫ్నాలో ఎదురుచూస్తున్నవాళ్ల దగ్గరికి బయల్దేరింది. ఇల్లిల్లూ కోటలా మారిన దారిలో అడుగడుగునా పోరాడింది. అక్టోబరు 13న దాని కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ ఇందర్ బల్ సింగ్ బావా ప్రాణాలు కోల్పోయారు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు.

ఇంతకీ తేడా ఎక్కడుంది? ధైర్యంలోనా? కానే కాదు. శత్రువు గురించిన సమాచారం సిల్హెట్‌లోనూ తప్పింది, జాఫ్నాలోనూ తప్పింది. రెండుచోట్లా అనుకున్న టైముకి సాయం అందలేదు. రెండుచోట్లా బలగం మొత్తం ఒకేసారి దిగలేదు.

కానీ సిల్హెట్ ప్రణాళికలో తప్పు జరిగినా సర్దుకునే వీలుంది. పగలు దిగారు. పైన యుద్ధవిమానాల అండ ఉంది. మొదటి విడత చిక్కుల్లో పడ్డా రెండో విడత వచ్చింది, మూడోదీ వచ్చింది. ఇక పాక్ సేనానులు భయపడి పెద్ద పొరపాటు చేశారు. జాఫ్నాలో అంతా ఒక్క నమ్మకం మీద ఆధారపడింది. శత్రువు ఆదమరిచి ఉంటాడన్నదే ఆ నమ్మకం. అది పోయాక చేతిలో ఇంకేమీ మిగల్లేదు. నడివూళ్లో మైదానం, అర్ధరాత్రి, దిగేచోట శత్రువును అదిమిపెట్టే ఫిరంగి కాల్పులు లేవు, సరైన పటాలు కూడా లేవు. నేల మీద దళాలు చేరుకునేసరికి 30 మంది కథ ముగిసిపోయింది.

1990 మార్చిలో శాంతిసేన తిరిగొచ్చేనాటికి శ్రీలంకలో మన సైనికులు సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ లెక్కలో జాఫ్నా మైదానం చిన్న భాగమే. సైనిక పాఠశాలల్లో మాత్రం ఆ రాత్రి గురించి ఇప్పటికీ చర్చ జరుగుతూనే ఉంటుంది.

నేర్చుకున్నారా?

పదమూడేళ్ల తర్వాత ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో మళ్లీ పరీక్ష ఎదురైంది. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో ఉన్న మన గూర్ఖాలు రెండు వందల మందికి పైగా కైలాహున్‌లో తిరుగుబాటుదారుల ముట్టడిలో చిక్కుకున్నారు. రెండు నెలలు దాటినా చర్చలు ఫలించలేదు. 2000 జులై 15న ‘ఆపరేషన్ ఖుక్రీ’ మొదలైంది.

ఈసారి ఒక్క దెబ్బ మీద అంతా ఆధారపడలేదు. బ్రిటిష్ చినూక్ హెలికాప్టర్లు కమాండోలను దింపి, నడవలేనివారిని ఎక్కించుకున్నాయి. మన ఎంఐ-35లు పైనుంచి కాపు కాశాయి. లోపల ఉన్నవాళ్లు ముట్టడి చీల్చుకుని బయటికి నడుస్తుంటే దరు పట్టణం వైపు నుంచి మరో దళం ఎదురొచ్చింది. దారిలో ఎంఐ-8లు విడతలవారీగా ఎక్కించుకెళ్లాయి. వాన, మబ్బులు కలిసి ఉదయం చిక్కులు పెట్టినా ప్రణాళిక ఆగలేదు. ముట్టడిలో ఉన్నవాళ్లు బయటపడ్డారు. దిగేవాళ్లు ఎలా దిగాలన్నదే కాకుండా, ఎవరు ఎక్కడ కలుసుకోవాలన్నది ముందే రాసుకున్న ఆపరేషన్ అది.

ఇలాంటి హెలికాప్టర్లు నడిపే వైమానికదళ పైలట్లకు ఓనమాలు దిద్దించేది మన నగరమే. 1962లో అలహాబాద్‌లో పుట్టిన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల జోధ్‌పూర్ మీదుగా 1973లో హకీంపేటకు చేరింది. చేతక్ హెలికాప్టర్ల మీద కుర్రాళ్లు ఒక్కచోట కదలకుండా గాల్లో నిలబడటం దగ్గర్నుంచి నేర్చుకుంటారు. అదే విద్య వరదల్లో డాబా మీద చిక్కుకున్న కుటుంబాన్ని కాపాడటానికీ పనికొస్తుంది. అక్కడా ప్రశ్నలు అవే. ఎక్కడ దిగాలి, తీగలున్నాయా, ఎంతమందిని ఎత్తగలం, మిగిలినవాళ్ల కోసం మళ్లీ ఎప్పుడు రాగలం?

ఆదివారాల్లో అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాల గుట్టలు వెతికే అలవాటున్నవారికి సైనికాధికారులు రాసిన పుస్తకాలు అప్పుడప్పుడూ తగులుతుంటాయి. జనరల్ కృష్ణారావు కూడా దేశ భద్రత మీద ఓ పెద్ద గ్రంథం రాశారు. 1991లో వచ్చిన దాని పేరు ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’. సిద్ధపడు, లేదా నశించు అని అర్థం. 2016 జనవరిలో ఆయన కన్నుమూశారు.

మేజర్ బీరేంద్ర సింగ్ దళం మాత్రం సిద్ధపడే దిగింది. ఆ 30 మంది చేయాల్సిందంతా చేశారు. వాళ్ల కోసం సిద్ధపడాల్సింది, వాళ్లను పంపినవారి ప్రణాళిక.